ఊరి పేరే ఇంటిపేరు.. డ్రాక్యులాయే బతుకుతెరువు

డ్రాక్యులా అనగానే ఎవరికైనా ఒకటే రూపం కళ్లముందు మెదులుతుంది. నున్నగా వెనక్కి దువ్విన జుట్టు. విందుకు బయల్దేరినట్టు నల్లకోటు. భుజాల మీంచి నేలదాకా వేలాడే కేప్. ఒక్కో మాటా తూచి, సాగదీసి పలికే వింత యాస. పిల్లల కార్టూన్లలో డ్రాక్యులా ఇలాగే ఉంటాడు. స్కూలు ఫ్యాన్సీ డ్రెస్ పోటీలో కాటుకతో కనుబొమలు దిద్దుకుని, అమ్మ నల్లచున్నీ మెడకు కట్టుకుని స్టేజీ ఎక్కే బుడతడూ ఇలాగే ఉంటాడు. కానీ ఈ రూపం అసలు నవలలో లేదు. 1897లో ఐర్లండ్ రచయిత బ్రామ్ స్టోకర్ రాసిన పుస్తకంలో డ్రాక్యులా తెల్లమీసాల ముసలాడు. అరచేతుల్లో వెంట్రుకలు, దగ్గరికొస్తే నోటి కంపు. అలాంటి రక్తపిశాచిని పెళ్లికొడుకులా ముస్తాబు చేసింది నాటకాలవాళ్లయితే, ఆ ముస్తాబుకు మొహం, గొంతు ఇచ్చి లోకమంతటికీ అలవాటు చేసింది ఒక హంగరీ నటుడు.

ఆయనే బేలా లుగోసీ. ఆ వేషమే ఆయనకు అన్నం పెట్టింది. నోటికాడి కూడు లాక్కున్నదీ ఆ వేషమే. భయపెట్టడానికి కట్టిన వేషాన్ని జనం కొన్నాళ్లకి నవ్వులాటగా మార్చుకున్నారు. ఆ నవ్వులాటలోనూ ఆయన నిక్కచ్చిగా తన పని తాను చేసుకుపోయారు. డ్రాక్యులా మీద ఇప్పటికీ వస్తున్న కామెడీలన్నీ ఎంతో కొంత ఆయన పుణ్యమే.

ఒకే ఊరు.. రెండు పేర్లు

లుగోసీ పుట్టింది 1882 అక్టోబరు 20న. ఊరి పేరు లుగోష్. అప్పటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో, హంగరీ ఏలుబడిలో ఉన్న బనాత్ ప్రాంతంలోని పట్టణమిది. పక్కనే ట్రాన్సిల్వేనియా. వీధిలోకి వెళ్తే హంగేరియన్, రొమేనియన్, జర్మన్, సెర్బియన్ మాటలు కలగాపులగంగా వినిపించేవి. బళ్లారి సంతలోనో, హోసూరు బస్టాండులోనో కాసేపు నిలబడితే ఎన్ని భాషలు చెవిన పడతాయో తెలిసినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక 1920లో కుదిరిన ట్రయనాన్ ఒప్పందంతో ఆ ఊరు రొమేనియాకు వెళ్లిపోయింది. లుగోష్ కాస్తా లుగోజ్ అయింది. బరంపురం బోర్డు మీద బ్రహ్మపుర అయినట్టే.

తండ్రి ఇష్ట్వాన్ బ్లాష్కో. మొదట రొట్టెల బట్టీ, తర్వాత బ్యాంకు వ్యవహారాలు. నలుగురు పిల్లల్లో బేలా ఆఖరివాడు. హంగరీవాళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనక చెప్పుకుంటారు. అలా కుర్రాడు బ్లాష్కో బేలా. పన్నెండేళ్ల వయసుకే చదువు అటకెక్కింది. ఇల్లు వదిలాడు. గనుల దగ్గర, వర్క్‌షాపుల్లో దొరికిన పనల్లా చేశాడు. ఇరవయ్యేళ్లు వచ్చేసరికి ఊరూరా తిరిగే నాటక కంపెనీల్లో చేరాడు. అక్కడే 1903 ప్రాంతంలో లుగోషి అని పేరు మార్చుకున్నాడు. లుగోషి అంటే లుగోష్ ఊరివాడు అని అర్థం. నెల్లూరు నెల్లూరి అయినట్టు, గుంటూరు గుంటూరి అయినట్టు, ఊరి పేరు చివర ఇకారం చేరితే ఇంటిపేరు అయిపోవడం వాళ్లకీ ఉంది మరి. తర్వాత అమెరికావాళ్ల నోట్లో పడి లుగోషి లుగోసీ అయింది. ఆయనా సర్దుకున్నారు.

ఊరి పేరుతో వెలిగిన నటులు మనకీ కొత్త కాదు. తాడిపత్రి రాఘవాచార్యులు అంటే ఎవరని అడిగేవాళ్లు కూడా బళ్లారి రాఘవ అనగానే చేతులు జోడిస్తారు. ఆయన పుట్టింది 1880లో. లుగోసీ కంటే రెండేళ్లు పెద్ద. 1946లో పోయారు. ఆ తర్వాత ఏడేళ్లకు, 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఇద్దరి విషయంలోనూ ఊళ్లు సరిహద్దు దాటాయి గానీ, ఊరి పేర్లు మాత్రం మనుషులను అంటిపెట్టుకునే ఉన్నాయి.

క్రీస్తు వేషం నుంచి..

1911లో బుడాపెస్ట్ చేరిన లుగోసీ, 1913లో నేషనల్ థియేటర్లో స్థానం సంపాదించారు. అక్కడ ఆయన పెద్ద పెద్ద హీరో పాత్రలు వేశారని తర్వాత హాలీవుడ్ ప్రచారకర్తలు ఊదరగొట్టారు. నిజానికి దక్కినవి ఎక్కువగా చిన్నాచితకా వేషాలే. 1914లో యుద్ధం వచ్చింది. సైన్యంలో చేరి రష్యా సరిహద్దులో పోరాడి గాయపడ్డారు. 1916లో తిరిగొచ్చారు. ఆ ఏడాదే దెబ్రెత్సెన్ పట్టణంలో ఆయన కట్టిన వేషం ఏమిటో తెలుసా? ఏసుక్రీస్తు. గడ్డం, పొడుగు జుట్టుతో దిగిన ఆ ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి. శిలువను చూసి మొహం తిప్పుకునే రక్తపిశాచి వేషం పదకొండేళ్ల తర్వాతి మాట.

1917 నుంచి మూకీ సినిమాల్లో వేశారు, కొన్నాళ్లు వేరే పేరుతో. ఇంతలో దేశంలో రాజకీయం తల్లకిందులైంది. 1919లో బేలా కున్ నాయకత్వంలో కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చింది. అప్పటికే లుగోసీ నటుల సంఘం పనుల్లో తలమునకలై ఉన్నారు. చాలీచాలని జీతాలతో బతికే నాటకాలవాళ్ల తరఫున గొంతెత్తారు. ఆ ప్రభుత్వం నిలిచింది నాలుగు నెలల పైచిలుకే. అది కూలిపోగానే, సంఘంలో తిరిగినవాళ్లకు ప్రాణం మీదికొచ్చింది. లుగోసీ వియన్నాకు, అక్కణ్నుంచి బెర్లిన్‌కు పారిపోయారు. 1917లో చేసుకున్న మొదటి పెళ్లి ఈ గొడవల్లోనే తెగిపోయింది. మొత్తం ఆయన చేసుకున్నవి ఐదు పెళ్లిళ్లు. వాటన్నిటి గురించీ చెప్పుకుంటే ఈ పేజీ చాలదు.

బెర్లిన్‌లో 1920లో ఒక సినిమాలో నౌకరు పాత్ర వేశారు. దర్శకుడు మూర్నౌ. రెండేళ్ల తర్వాత అదే మూర్నౌ డ్రాక్యులా నవలను హక్కులు కొనకుండా, పేర్లు మార్చి 'నోస్ఫెరాటు'గా తీశారు. స్టోకర్ భార్య కోర్టుకెళ్లి ప్రింట్లన్నీ తగలబెట్టాలని ఉత్తర్వు తెచ్చుకున్నారు. అయినా కొన్ని మిగిలాయి. రక్తపిశాచికి తగ్గట్టే ఆ సినిమాకూ చావు రాలేదు. లుగోసీ మాత్రం అప్పటికి జర్మనీలో లేరు. 1920 డిసెంబరులో ఒక సరుకుల ఓడలో పనివాడిగా ఎక్కి అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ రేవులో దిగారు. మళ్లీ సొంత గడ్డ మీద ఆయన కాలు పెట్టలేదు.

అర్థం తెలియని మాటలు.. అప్పజెప్పిన పాఠాలు

న్యూయార్క్ చేరిన కొత్తలో హంగరీ వలసజనం కోసం హంగేరియన్ నాటకాలు ఆడారు. భాష రాని చోట భాష వచ్చినవాళ్లే దిక్కు. అయితే ఆ హాళ్లకు వచ్చే జనమెంత, వచ్చే డబ్బెంత? 1922లో 'ది రెడ్ పాపీ' అనే ఇంగ్లిష్ నాటకంలో అవకాశం వచ్చింది. ఇంగ్లిష్ ముక్క రాదు. మాటల ధ్వనులు వినీ వినీ, బట్టీపట్టి, అర్థం తర్వాత చూసుకుందాంలే అన్నట్టు అప్పజెప్పేశారు. తెలుగు రాని హీరోయిన్లు సంభాషణలను తమ లిపిలో రాసుకుని చదవడం చూసినవాళ్లకు ఇదేం వింత కాదు. లుగోసీ దాన్ని స్టేజీ మీద, జనం ఎదుట, రీటేకు లేకుండా చేశారు.

1927లో ఆయన రాత మారింది. డ్రాక్యులాను మొదట ఇంగ్లండ్‌లో 1924లో హామిల్టన్ డీన్ నాటకంగా మలిచారు. నవలలోని ముసలి భూతం డ్రాయింగ్ రూముల్లోకి వచ్చి పెద్దమనుషులతో కూర్చుని మాట్లాడాలంటే నలుగురిలోకి రాగలిగేలా ఉండాలి కదా. అందుకే డీన్ ఆయనకు నైట్ పార్టీ సూటు తొడిగారు. నిలువెత్తు కాలరున్న కేప్ తగిలించారు. ఆ కాలరు అందం కోసం పెట్టింది కాదు. నటుడు జనానికి వీపు చూపించి నిలబడితే కాలరు తలను పూర్తిగా కప్పేస్తుంది. పట్టుకున్నవాళ్ల చేతిలో కేప్ వదిలేసి, స్టేజీకి కోసిన రంధ్రంలోంచి నటుడు కిందికి జారిపోతాడు. కేప్ కుప్పకూలుతుంది, మనిషి మాయం. సురభి నాటకాల్లో మాయలు చూసినవాళ్లు ఇలాంటి కిటుకును ఇట్టే పట్టేస్తారు. లోకమంతా డ్రాక్యులా గుర్తుగా చూసే ఆ నిలువు కాలరు వెనక ఉన్న అసలు రహస్యం ఇంతే.

జాన్ బాల్డర్‌స్టన్ తిరగరాసిన ఈ నాటకం 1927 అక్టోబరు 5న బ్రాడ్‌వేలోని ఫుల్టన్ థియేటర్లో మొదలైంది. లుగోసీ అప్పటికి 45కు దగ్గరపడ్డారు. ఆరడుగుల మనిషి. తెలియని భాష కావడంతో ఒక్కో మాటను పట్టుకుని, ఆగి, మళ్లీ ఇంకోటి పట్టుకునేవారు. మరో నాటకంలో అయితే అది లోపం. కానీ వందల ఏళ్లుగా శవపేటికలో పడుకున్నవాడు మాట్లాడితే అలాగే ఉంటుందని జనం నమ్మేశారు. నాటకం 261 ప్రదర్శనలు ఆడింది. తర్వాత ఊరూరా టూర్లు. ఆడవాళ్ల నుంచి కట్టలు కట్టలు ఉత్తరాలు. రక్తం తాగేవాడికి ప్రేమలేఖలు రావడం అప్పుడే మొదలైందన్నమాట.

3,500 డాలర్ల డ్రాక్యులా

యూనివర్సల్ స్టూడియో సినిమా తీయాలనుకున్నప్పుడు వాళ్ల మనసులో లుగోసీ లేరు. వెయ్యి వేషాల నటుడిగా పేరున్న లాన్ చానీ ఈ పాత్రకు సరిపోతాడని అనుకునేవాళ్లు. 1930 ఆగస్టులో చానీ చనిపోయారు. ఇంకొందరి పేర్లు నలిగాయి. స్టోకర్ భార్యతో హక్కుల బేరంలో స్టూడియో తరఫున మధ్యవర్తిత్వం కూడా నడిపిన లుగోసీని ఆఖరికి పిలిచారు, అదీ చవకబేరానికి. వారానికి 500 డాలర్ల లెక్కన ఏడు వారాలకు 3,500 డాలర్లు. ఆ పాత్ర ఇంకొకరికి పోతుందేమోనన్న భయంతో ఆయన ఎంతిస్తే అంతకు ఒప్పుకున్నారు. తన ధర తానే తగ్గించుకున్న ఈ బేరం చివరిదాకా ఆయన్ను వదల్లేదు.

టాడ్ బ్రౌనింగ్ దర్శకత్వంలో వచ్చిన 'డ్రాక్యులా' 1931 ఫిబ్రవరిలో విడుదలై స్టూడియోకు కాసులు కురిపించింది. ఈ సినిమాను ఇప్పుడు చూస్తే చిత్రమైన సంగతులు కనిపిస్తాయి. ఇందులో డ్రాక్యులాకు కోరలు కనిపించవు. మెడ మీద కాటు కూడా తెరమీద చూపించరు. పాడుబడ్డ కోటలో తిరుగుతూ కనిపించే జంతువుల్లో ఆర్మడిల్లోలు కూడా ఉన్నాయి. పెంకు కవచంతో ఉండే ఆ జీవులు అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా ఉండవు. ట్రాన్సిల్వేనియాకు ఎలా వచ్చాయో దర్శకుడికే తెలియాలి. పగలు ఇంగ్లిష్ సినిమా తీసిన అవే సెట్లలో రాత్రిళ్లు వేరే నటులతో స్పానిష్ డ్రాక్యులా తీశారు. తెలుగు, తమిళంలో ఒకే సెట్ మీద రెండు సినిమాలు తీసిన మద్రాసు స్టూడియోల కాలం గుర్తున్నవాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది.

అదే 1931లో లుగోసీ అమెరికా పౌరుడయ్యారు. అదే ఏడాది 'ఫ్రాంకెన్‌స్టయిన్' రాక్షసుడి పాత్రకు ముందు ఆయన్నే అనుకుని టెస్ట్ షూటింగ్ కూడా చేశారు. చివరికి అది బోరిస్ కార్లాఫ్‌కు వెళ్లింది. కార్లాఫ్ రాత్రికి రాత్రే పెద్ద స్టార్ అయిపోయారు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి నటించిన సినిమాల్లో పోస్టర్ మీద పైన పడే పేరు కార్లాఫ్‌దే.

మొదటి నవ్వులు

డ్రాక్యులా మీద జోకులు పుట్టడానికి ఎన్నాళ్లో పట్టలేదు. 1933లో వచ్చిన ఒక చిన్న సినిమాలో మైనపు బొమ్మల కొలువులో డ్రాక్యులా బొమ్మకు ప్రాణం వచ్చి కార్టూన్ సుందరి బెట్టీ బూప్ మెడ మీదికి వంగుతుంది. అసలు సినిమా వచ్చి అప్పటికి రెండేళ్లే. ఆ వేషంలో ఉన్నది లుగోసీయే.

1935లో టాడ్ బ్రౌనింగే 'మార్క్ ఆఫ్ ద వాంపైర్' తీశారు. పాడుకోట, పొగమంచు, గబ్బిలాలు, మాటాపలుకూ లేకుండా చూపులతోనే వణికించే కౌంట్ మోరాగా లుగోసీ. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆఖర్లో తెలుస్తుంది, వాళ్లు అసలు పిశాచాలే కాదు, హంతకుణ్ని పట్టుకోవడానికి పోలీసులు మాట్లాడుకున్న నాటకాల కంపెనీవాళ్లని. సినిమా అంతటా మౌనంగా ఉన్న లుగోసీకి అప్పుడు మాట దక్కుతుంది. మేకప్ సామాన్లు సర్దుకుంటూ, తాను నిజం పిశాచాలకంటే మెరుగ్గా చేశానని గొప్పలు పోతాడు. కొందరు ప్రేక్షకులకు ఈ మలుపు ఒళ్లుమండించింది. ఇప్పుడు చూస్తే మాత్రం లుగోసీ జీవితాన్నే తెరకెక్కించినట్టుంటుంది.

ఆ వెంటనే కరువు. 1936 తర్వాత రెండేళ్లపాటు హాలీవుడ్ భయానక సినిమాలు తీయడం మానేసింది. ఇంగ్లండ్‌లో వాటి మీద ఆంక్షలు పెరగడం ఒక కారణం. డ్రాక్యులా తప్ప ఇంకేదీ ఇవ్వని నిర్మాతలు ఇప్పుడు డ్రాక్యులానూ ఇవ్వడం లేదు. ఇల్లు పోయింది. 1938 జనవరిలో కొడుకు పుట్టినప్పుడు నటుల సహాయ నిధి ఆదుకోవాల్సి వచ్చింది. ఒకప్పుడు బుడాపెస్ట్‌లో పేద నటుల కోసం సంఘం పెట్టినవాడే, హాలీవుడ్ నటుల గిల్డ్ మొదటి సభ్యుల్లో ఒకడే, ఇప్పుడు చేయి చాచాల్సి వచ్చింది. ఆ ఏడాది ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లోని ఒక చిన్న థియేటరు యజమాని పాత 'డ్రాక్యులా', 'ఫ్రాంకెన్‌స్టయిన్' సినిమాలను కలిపి వేస్తే జనం వీధి చివరిదాకా క్యూ కట్టారు. దాంతో స్టూడియోలకు మళ్లీ బుద్ధి పుట్టింది. 1939లో 'సన్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టయిన్'లో మెడ వంకరపోయిన ఈగోర్‌గా లుగోసీ విజృంభించారు. ఆయన మంచి నటుడేనా అని ఎవరికైనా అనుమానం ఉంటే డ్రాక్యులా కాదు, ఈ ఈగోర్‌ను చూడాలి.

యుద్ధకాలంలో ఆయన ఇంకో పని చేశారు. 1944లో అమెరికాలోని హంగరీవాళ్ల ఒక సంఘానికి అధ్యక్షుడిగా, హంగరీలో యూదులను కాపాడాలని అమెరికా ప్రభుత్వానికి విన్నపాలు పంపారు, సభల్లో మాట్లాడారు. కాలు పెట్టలేని దేశం కోసం ఆయన చేయగలిగింది అదే.

నవ్వు ఎంత చేటు చేయగలదో 1943లోనే తెలిసింది. పన్నెండేళ్ల కింద చేజారిన ఫ్రాంకెన్‌స్టయిన్ రాక్షసుడి వేషం అప్పుడు ఆయనకు దక్కింది. సినిమా పూర్తయ్యాక వేసి చూస్తే, రాక్షసుడు హంగరీ యాసతో మాట్లాడుతుంటే స్టూడియోవాళ్లు పడీపడీ నవ్వారని ఆ సినిమా రచయిత తర్వాతి కాలంలో చెప్పారు. రాక్షసుడి మాటలన్నీ కత్తిరించేశారు. రాక్షసుడికి చూపు లేదని చెప్పే ముక్కలు కూడా ఆ కత్తెరలోనే పోయాయి. దాంతో లుగోసీ రెండు చేతులూ ముందుకు చాచి తడుముకుంటూ ఎందుకు నడుస్తున్నాడో ఎవరికీ అర్థం కాలేదు. విచిత్రం ఏమిటంటే, ఫ్రాంకెన్‌స్టయిన్ రాక్షసుణ్ని అనుకరించమంటే ఇప్పటికీ పిల్లలు చేతులు చాచే నడుస్తారు. అది లుగోసీ నడకే.

సీరియస్‌గా ఉంటేనే కామెడీ

అబ్బాట్, కాస్టెల్లో అప్పట్లో అమెరికాలో పేరుమోసిన హాస్య జంట. ఒకడు బక్కపల్చన, తెలివి నటించేవాడు. ఇంకొకడు బొద్దుగా, అమాయకుడు. మన రేలంగి, రమణారెడ్డి జంటను తలచుకుంటే సరిపోతుంది, కాకపోతే ఎవరు ఎవరిని దబాయిస్తారన్నది వేరే లెక్క. ఈ జంటను తన పాత రాక్షసులందరితో కలిపి 1948లో యూనివర్సల్ ఒక సినిమా తీసింది. పేరులో ఫ్రాంకెన్‌స్టయిన్ ఉన్నా కథ నడిపేది డ్రాక్యులాయే. ఆ పాత్రకు స్టూడియో వేరే నటుణ్ని అనుకుందని, లుగోసీ తరఫువాళ్లు గట్టిగా వాదించాకే ఆయనకు ఇచ్చారని చెప్పుకుంటారు. పూర్తి నిడివి సినిమాలో ఆయన డ్రాక్యులాగా వేసింది జీవితంలో రెండే రెండుసార్లు, 1931లో ఒకసారి, 65 ఏళ్ల వయసులో ఇదిగో ఇప్పుడు.

కథ ఇదీ. ఫ్రాంకెన్‌స్టయిన్ రాక్షసుడు చెప్పిన మాట వినడం లేదు. వాడికి కొత్త మెదడు పెట్టాలి. తెలివైనదైతే మళ్లీ ఎదురుతిరుగుతుంది. కాబట్టి ఎదురు ప్రశ్న వేయని, బొత్తిగా ఖాళీ మెదడు కావాలి. డ్రాక్యులా వెతికి వెతికి పట్టుకున్నది బొద్దు కాస్టెల్లో మెదడును. సామాన్ల గుమాస్తాగా పనిచేసే ఈ కాస్టెల్లో, పెట్టె మీద రాసిన డ్రాక్యులా కథను కొవ్వొత్తి వెలుగులో గట్టిగా చదువుతుంటాడు. శవపేటిక మూత కదిలి కొవ్వొత్తి జరుగుతుంది. గుడ్లు తేలేసి, గొంతు పెగలక, అతను దోస్తును పిలిచే లోపల అంతా సర్దుకుపోతుంది. దోస్తు నమ్మడు. అదే జోకు మళ్లీ మళ్లీ, ప్రతిసారీ కాస్త పెంచి. మారువేషాల విందుకు డ్రాక్యులా తన మామూలు కేప్‌లోనే వస్తే, వేషం బాగుందని జనం అనుకుంటారే తప్ప అనుమానించరు.

ఇందులో లుగోసీ ఒక్క జోకు వేయరు. కన్ను గీటరు. 1931లో ఎంత గంభీరంగా చేశారో ఇక్కడా అంతే. వేలు ముందుకు చాచి చూపుతో కట్టిపడేస్తుంటే, ఎదుటివాడు కోతిచేష్టలు చేస్తున్నాడు కాబట్టి నవ్వొస్తుంది, డ్రాక్యులా వల్ల కాదు. సెట్లో హాస్యనటులు ఒకరి మొహాన ఒకరు క్రీము కేకులు కొట్టుకుంటుంటే ఈయన దూరంగా, చిరాగ్గా ఉండేవారట. అదే మంచిదయింది. ఆయన కూడా నవ్వించబోయి ఉంటే సినిమా చప్పబడిపోయేది. రక్తపిశాచి కామెడీల్లో ఇప్పటికీ పనికొచ్చే కిటుకు ఇదొక్కటే. పిశాచానికి తాను కామెడీలో ఉన్నానని తెలియకూడదు. ఒక తప్పు మాత్రం దొర్లింది. అద్దంలో రక్తపిశాచి కనబడకూడదని నియమం. ఈ సినిమాలో ఒకచోట డ్రాక్యులా అద్దంలో నిక్షేపంలా కనిపిస్తాడు. సినిమా పెద్ద హిట్టయింది. 2001లో అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారం భద్రపరిచే సినిమాల జాబితాకూ ఎక్కింది.

లుగోసీకి మాత్రం దాని తర్వాత పిలుపులు రాలేదు. 1951లో భార్యతో ఇంగ్లండ్ వెళ్లి, పాత డ్రాక్యులా నాటకాన్ని ఊళ్లలో ఆడారు. లండన్ పెద్ద థియేటర్లదాకా అది చేరలేదు. చేతిలో డబ్బు ఆడక అక్కడే ఓ చవక కామెడీ ఒప్పుకున్నారు. మదర్ రైలీ అనే చాకలి అవ్వగా ఆర్థర్ లూకన్ అనే మగనటుడు ఆడవేషం కట్టి నవ్విస్తుంటాడు. ఆమెకు ఎదురుగా లుగోసీ, తాను రక్తపిశాచినని నమ్మే పిచ్చి శాస్త్రవేత్త. శవపేటికలో, పార్టీ సూటుతోనే పడుకుంటాడు. మరమనుషుల సైన్యంతో లోకాన్ని ఏలాలని పథకం. చేతిలో ఉన్నది ఒకే ఒక్క మరమనిషి. సినిమా ఏమంత గొప్పది కాదు. కానీ ఊహ బాగుంది. 1954లో లాస్ వెగాస్‌లో ఒక వినోద కార్యక్రమంలోనూ డ్రాక్యులాను ఆటపట్టించే వేషం కట్టారు.

గుమ్మం తట్టిన రోజు

యుద్ధంలో తగిలిన దెబ్బల తాలూకు కాళ్లనొప్పులు, సయాటికా ఆయన్ను ఏళ్లతరబడి పీడించాయి. డాక్టర్లు మార్ఫిన్ ఇచ్చారు. నొప్పి తగ్గిందో లేదో గానీ, మందు మాత్రం వదల్లేదు. ఇరవయ్యేళ్ల కాపురం చేసిన నాలుగో భార్య లిలియన్ 1953లో విడిపోయారు. 1955 ఏప్రిల్‌లో 72 ఏళ్ల ముసలాయన తనంతట తాను అధికారుల దగ్గరికెళ్లి, మత్తుమందుకు బానిసనయ్యానని, ఆసుపత్రిలో చేర్చమని అడిగారు. అప్పటి హాలీవుడ్‌లో ఇలాంటివి దుప్పటి కప్పి దాచేవారు. ఈయన పేపర్లవాళ్ల ఎదుటే ఒప్పుకున్నారు. అస్థిపంజరంలా మిగిలిన మనిషి ఫొటోలు దేశమంతా అచ్చయ్యాయి. నార్వాక్ ప్రభుత్వాసుపత్రిలో మూడు నెలలపైన ఉండి, ఆగస్టు 5న మందు మానేసి బయటికొచ్చారు. ఆ నెలలోనే, ఆసుపత్రికి ఉత్తరాలు రాసిన అభిమాని హోప్ లినింజర్‌ను పెళ్లాడారు.

తర్వాత దొరికిన ఒక సినిమాలో మూగ నౌకరు వేషం ఇచ్చారు. గొంతే ఆస్తి అయినవాడికి ఒక్క మాట లేదు. ఎడ్ వుడ్ అనే దర్శకుడొక్కడే ఆయన్ను స్టార్‌గా చూశాడు. చేతిలో డబ్బుల్లేవు, పనితనమూ అంతంతే, అభిమానం మాత్రం బోలెడు. అతను ముందుచూపుతో తీసిపెట్టుకున్న కొద్ది నిమిషాల మూగ బొమ్మే లుగోసీ ఆఖరి నటన. 1956 ఆగస్టు 16న లాస్ ఏంజెలెస్‌లోని అద్దె ఇంట్లో గుండెపోటుతో ఆయన పోయారు. 73 ఏళ్లు. ఆ కొద్ది నిమిషాల ముక్కలనే అతికించి, మిగతా సీన్లలో కేప్‌తో మొహం కప్పుకున్న వేరే మనిషిని నడిపించి, వుడ్ 'ప్లాన్ 9 ఫ్రమ్ అవుటర్ స్పేస్' పూర్తిచేశాడు. చెత్త సినిమాల జాబితాలు వేసేవాళ్లు దాన్ని మరిచిపోరు. జనం మాత్రం ఇప్పటికీ వేసుకుని చూసి నవ్వుకుంటారు.

కల్వర్ సిటీలోని హోలీ క్రాస్ శ్మశానంలో ఆయన్ను డ్రాక్యులా కేప్‌తోనే పూడ్చారు. అది ఆయన కోరిక అని లోకం అనుకుంటుంది. కాదు. కొడుకు, మాజీ భార్య లిలియన్ కలిసి తీసుకున్న నిర్ణయం.

పోయాక పెరిగిన వాటా

కొడుకు లాయరయ్యారు. తండ్రి మొహాన్ని బొమ్మల మీద, ఆటవస్తువుల మీద అచ్చేసి అమ్ముకునే హక్కు ఎవరిదంటూ 1966లో యూనివర్సల్‌పై దావా వేశారు. కింది కోర్టులో గెలిచారు. 1979లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టులో ఓడారు. 3,500 డాలర్లకు వేసిన వేషం మీద వారసులకు పైసా రాలేదు. అయితే పోయిన ప్రముఖుల పేరు, రూపం మీద వారసులకు హక్కునిచ్చే చట్టం 1985 నుంచి ఆ రాష్ట్రంలో అమల్లోకి వచ్చింది. ఈ కేసు రేపిన చర్చ దానికి దారి వేసింది.

ఈలోగా నవ్వులు ఆగలేదు. 1972లో అమెరికా పిల్లల కార్యక్రమం 'సెసమీ స్ట్రీట్'లో కౌంట్ అనే తోలుబొమ్మ దిగింది. అచ్చం లుగోసీ యాస. రక్తం బదులు అంకెల పిచ్చి, కనబడినవన్నీ లెక్కపెడుతుంది. 1979లో 'లవ్ ఎట్ ఫస్ట్ బైట్', 1995లో మెల్ బ్రూక్స్ తీసిన 'డ్రాక్యులా: డెడ్ అండ్ లవింగ్ ఇట్', 2012లో పెళ్లీడు కూతురి గురించి బెంగపెట్టుకునే తండ్రి డ్రాక్యులాతో 'హోటల్ ట్రాన్సిల్వేనియా', 2014లో ఒకే ఇంట్లో అద్దెకుండి అంట్లు ఎవరు తోమాలని కొట్లాడుకునే పిశాచాల 'వాట్ వుయ్ డూ ఇన్ ద షాడోస్'. అన్నిట్లోనూ ఎక్కడో ఒకచోట ఆ కేప్ కనిపిస్తుంది, లేదంటే ఆ యాస వినిపిస్తుంది. 1994లో వచ్చిన 'ఎడ్ వుడ్' సినిమాలో లుగోసీ పాత్ర వేసిన మార్టిన్ లాండవ్‌కు ఆస్కార్ వచ్చింది. అసలు లుగోసీకి ఆ అవార్డు నామినేషన్ కూడా ఎన్నడూ రాలేదు.

బుడాపెస్ట్‌లో వైదహున్యద్ అనే కోట ఉంది. 1896లో ఒక ఉత్సవం కోసం అట్టలు, చెక్కలతో నాటకం సెట్టులా కట్టారు. అందులో ఒక భాగం ట్రాన్సిల్వేనియాలోని పాతకోటకు నకలు. జనానికి నచ్చడంతో తర్వాత ఇటుకరాళ్లతో తిరిగి కట్టారు. ఆ కోట గోడలో ఖాళీగా ఉన్న ఒక గూట్లో 2003లో ఒక శిల్పి, ఎవరి అనుమతీ అడక్కుండా, లుగోసీ తల బొమ్మను తెచ్చి పెట్టేశాడు.